మార్చని పాస్‌వర్డ్

"పాస్‌వర్డ్ మార్చాల్సిందే బాబాయ్," అన్నాడు దుర్గాప్రసాద్, రూటర్ ముందు ల్యాప్‌టాప్ తెరిచి.

నూజివీడు మామిడి మార్కెట్లో నెట్ కనెక్షన్లు చూసేది అతనే. కిందటి వారం పక్క కొట్టు వైఫైలోకి ఎవరో దూరి కంప్యూటర్లో బిల్లులన్నీ చెరిపేశారు. అప్పటినుంచి ఒక్కో కొట్టుకీ తిరుగుతున్నాడు.

బసవపున్నారావుకి ముందు కొట్టు, వెనక ఇల్లు. రెంటికీ ఒకటే వైఫై.

"మీ పాస్‌వర్డ్ గోడ మీద సుద్దతో రాసుంది. జంక్షన్లో లారీ డ్రైవర్లక్కూడా నోటికొచ్చు. ఇక్కడ ఆపుకుని సినిమాలు చూస్తున్నారు."

"చూడనీరా. కాయ లోడయ్యేదాకా వాళ్లకి మాత్రం ఏం తోస్తుంది?"

"నవ్వులాట కాదు బాబాయ్."

"మార్చొద్దన్నానా!"

దుర్గాప్రసాద్ కల్యాణి వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి పిన్నీ."

కల్యాణి టీ గ్లాసు అతని ముందు పెట్టింది. "ఆయన మాటే నా మాట. మార్చకు బాబూ."

పున్నారావు తన ఫోన్ చూపించాడు. వైఫైకి ఏయే ఫోన్లు కలిశాయో చెప్పే యాప్ అది. పెట్టింది దుర్గాప్రసాదే.

"రోజూ దీపాలవేళకి ఇందులో అమ్మాయి ఫోన్ కనబడుతుందిరా. గేటు దాకా వచ్చి కాసేపుంటుంది. నా భోజనమయ్యేసరికి పోతుంది."

సంగతి మార్కెట్ అంతటికీ తెలుసు. పోయిన వేసవిలో కూతురు యోగిత నచ్చినవాణ్ని పెళ్లి చేసుకుంటానంది. "ఈ గడప దాటితే మళ్లీ తొక్కకు," అన్నాడు తండ్రి, ముఠా కూలీల ముందే. ఆమె దాటింది. ఫోన్ చేస్తే స్విచాఫ్. ఎక్కడుందో తెలియలేదు. పున్నారావు అన్నం మానేశాడు. మంచాన పడ్డాడు. యాప్‌లో యోగిత పేరు కనబడిన రోజే లేచి కూర్చున్నాడు.

"బయటికెళ్లి పిలవచ్చుగా బాబాయ్?"

"మీ పిన్ని వద్దంటోంది. ఎదురుపడినా, ఫోన్ చేసినా ఈ రావడం కూడా మానేస్తుందంట." పున్నారావు గొంతు తగ్గించాడు. "నువ్వు పాస్‌వర్డ్ మార్చావనుకో. గేటు బయట నిలబడి ఫోన్ చూసుకుంటుంది. నాన్న ఇది కూడా మూసేశాడనుకుంటుంది."

దుర్గాప్రసాద్ తల గోక్కున్నాడు.

"సరే. పాత పేరు, పాత పాస్‌వర్డ్ బయటివాళ్లకి వదిలేస్తా. కొట్టు కంప్యూటర్‌కి వేరేది పెడతా. ఇటునుంచి అటు ఎవరూ దూరలేరు. అమ్మాయి ఫోన్ ఎప్పట్లాగే కలుస్తుంది."

"నిజంగా కలుస్తుందా?" అంది కల్యాణి.

"కలుస్తుంది పిన్నీ. దాంట్లో ఏం మార్చక్కర్లేదు."

కల్యాణి ఊపిరి పీల్చుకుంది. దీపం పెట్టొస్తానని లోపలికి వెళ్లింది.

వచ్చేసరికి పున్నారావు ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"వచ్చింది!"

గేటు వైపు నాలుగడుగులు వేశాడు. ఆగాడు. భార్య వైపు చూసి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

దుర్గాప్రసాద్ ల్యాప్‌టాప్ దగ్గరికి వంగాడు. "ఆ ఫోన్ సిగ్నల్ ఫుల్లుగా ఉందేంటి? గేటు బయటికి ఇంత రాదే..."

"టీ చల్లారిపోతోంది," అంది కల్యాణి. "తాగు బాబూ."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. టీ తాగాడు. ల్యాప్‌టాప్ మూసి, వెళ్లొస్తానని లేచాడు.

అన్నం దగ్గర పున్నారావు పప్పు మళ్లీ వేయించుకున్నాడు.

"రేపైనా లోపలికొస్తుందంటావా?"

"వస్తుంది. తినండి."

ఆయన చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లగానే కల్యాణి దేవుడి గదిలోకి వెళ్లి, యోగిత వెళ్లిపోయిన రోజు "నాన్న కొన్నది నాన్నకే ఇచ్చెయ్," అంటూ తన చేతిలో పెట్టిన ఫోన్‌ను పటాల వెనకనుంచి తీసి స్విచాఫ్ చేసింది.