మూడో చీలిక

సర్వే బండి నేలను కుదిపింది. బల్ల మీద టీ గ్లాసులు గలగలమన్నాయి. తెర మీద గీతలు పాకాయి.

"కుదుపుతో పుట్టిన అలలు ఇక్కడ నెమ్మదించాయి బావా," అన్నాడు సర్వే చేసే బావమరిది. "అంటే కింద రాయి చీలింది. చమురు చేరేది ఆ చీలికల్లోనే. ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి, తూర్పున ఒకటి. మూడూ కంచె దాటి పక్కాయన నేలలోకి పోయాయి. ముందు తవ్వినవాడిదే చమురు."

"కుదపకుండా తెలియదా?"

"నేల దానంతటది నోరు విప్పుతుందా? కుదిపి, చెవి పెట్టాలి."

నేల యజమాని అయిన బావకి ఆ మాట నచ్చింది. ఇప్పటికి రెండుసార్లు తను చోటు ఖాయం చేయగానే పక్కాయన కంచె అవతల బోరు తవ్వే రిగ్గు దించి, ఉన్నదంతా లాగేసుకున్నాడు. ఈసారీ అదే జరిగితే బావితో పాటు తనూ ఎండిపోతాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి వ్యాపారం తెలియదు.

"ఉత్తరాన దించుదాంరా. ఎవరితో అనకు," అన్నాడు బావమరిదితో.

"నా మీద అనుమానమా బావా?"

"జాగ్రత్త."

బోరు మేస్త్రీని విడిగా పిలిచి దక్షిణం అన్నాడు. ఇంటికెళ్లి, అన్నం దగ్గర మాత్రం నిజం చెప్పుకున్నాడు. "తూర్పునే. సోమవారం మొదలుపెడతాను."

"మా తమ్ముడితో అనకండి," అంది భార్య, నెయ్యి వడ్డిస్తూ. "వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

"అక్కవి నువ్వే అంటే ఇంక నేనేం చెప్పను? మీ ఇద్దరికీ మాటల్లేక ఏడాదైంది."

ఆదివారం పొద్దున్నే జీపులో కంచె వెంట తిరిగాడు. ఉత్తరాన పురుగు లేదు. దక్షిణాన గొర్రెలు మేస్తున్నాయి. గుండెల మీంచి బరువు దిగింది. తిన్నగా సర్వే క్యాంపుకెళ్లి, బావమరిదికి తనే టీ పోసిచ్చాడు.

"నిన్ను తప్పుగా తూచానురా. తక్కెడే తప్పు."

"పోన్లే బావా. పక్కన పెట్టుకుని తూచావు, బయటికి విసరలేదు."

ఇద్దరూ నవ్వారు. అంతలో బల్ల మీద గ్లాసులు సన్నగా వణికాయి.

"ఇవాళ సెలవు కదరా. బండి ఎవరు నడుపుతున్నారు?"

"మన బండి షెడ్డులోనే ఉంది." బావమరిది తెర వెలిగించాడు. గీతలు ఒకే పక్కనుంచి పాకుతున్నాయి. "ఎవరో రిగ్గు వేశారు బావా."

"ఏ వైపు?"

"తూర్పు."