తాటిమెట్టలో రాయి లేదు

“తాటిమెట్ట పేరు కొట్టేస్తున్నారంటండి?”

రూబీ కంప్యూటర్ మీంచి తలెత్తింది. గుమ్మంలో పంచెకట్టుతో ఒక ముసలాయన. చెప్పులు బయటే విడిచాడు.

“ఎవరండి మీరు?”

“త్రిమూర్తులంటారండి. ఆ రాయి మా చేను పక్కనేనండి.”

దేశంలో పేరున్న రాతిపొరలన్నిటినీ కంప్యూటర్‌లో ఒక్కచోట చేర్చే పని. రాజమండ్రి ఆఫీసులో గోదావరి జిల్లాల పొరలు రూబీ వంతు. అందులో తాటిమెట్ట ఇసుకరాయి ఒకటి. కనుగొన్నవారు ప్రొఫెసర్ సూర్యప్రకాశం అని ఉంది.

ఎండలో పడి తిరిగి ఆ పొరను పట్టుకున్నది నిజానికి ఎమ్మెస్సీ చదివే రోజుల్లో రూబీ. దిద్ది ఇస్తానని ఆమె రాసినదంతా తీసుకుని, ఆయన తన పేరుతో అచ్చు వేయించుకున్నాడు. అడిగితే, “నువ్వే చూశావనడానికి సాక్ష్యం ఏదమ్మా?” అని నవ్వాడు.

ఏళ్లు గడిచినా ఆ నవ్వు ఆమె మరిచిపోలేదు.

పేరు పుట్టిన చోట రాయి కనబడకపోతే ఆ పేరు రద్దు. తాటిమెట్టలో రాయి లేదని పంచాయతీ వారు రాసిచ్చారు. వెళ్లి చూసి రావలసింది రూబీయే. ఆమె వెళ్లదలచుకోలేదు.

“అక్కడ రాయి లేదట కదండి.”

“ఉందండి. కంకర క్రషర్ వాళ్లు రాయించారండి అది. గవర్నమెంటు లెక్కలో పేరుందనే ఇన్నాళ్లూ ఆగారు. పేరు తీసేస్తే మర్నాడే మిషన్లు దింపేస్తారు. ఒక్కసారి వచ్చి చూడండమ్మా.”

“సూర్యప్రకాశం గారు పంపించారా?”

“ఆయన్ని ఎరుగుదునండి. కానీ...”

“ఎరుగుదురు కదా. అయితే చెప్పండి ఆయనతో.” రూబీ రద్దు మీట నొక్కింది. “ఆయన పేరు పోయిందని.”

“ఆయన సంగతి కాదమ్మా. ఆ రాయిని మొదట చూసింది...”

“నాకు పనుందండి. వెళ్లిరండి.”

ముసలాయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో రూబీ రెండో పెసరట్టు కూడా తెప్పించుకుని తింది.

నెల తిరక్కుండా తాటిమెట్ట వెళ్లింది. క్రషర్ వాళ్లు రాయి తవ్వుకుపోయిన ఖాళీ గొయ్యి ఫొటో తీసి సూర్యప్రకాశానికి పంపాలని.

గొయ్యి ఆమె కోరుకున్నట్టే ఉంది. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకుంది.

గట్టు మీద ఒకావిడ గేదెను కట్టేస్తోంది. త్రిమూర్తులు భార్యట, అచ్చాయమ్మ.

“ఆయన లేరా అండి?” అడిగింది రూబీ.

“ఇంట్లోనే ఉన్నారండి. ఆ అమ్మాయి వస్తే ఏం మొహం పెట్టుకుని చూడనూ అని గడప దాటట్లేదు.”

“ఏ అమ్మాయి?”

“ఎప్పుడో కాలేజీ పిల్ల ఒకత్తె రాయి ముక్క కొట్టుకుని, అక్కడే తెల్లరంగుతో తన పేరూ తారీఖూ రాసెళ్లిందండి. తర్వాతెప్పుడో ఓ ప్రొఫెసరు గారొచ్చి చెరిపెయ్యమన్నారు. మా ఆయన ఒప్పుకోలేదు. ముందు చూసింది ఆ పిల్లే కదండి.”

రూబీ ఫోను దించి గొయ్యి వైపు తిరిగింది.

“ఆ రంగు... ఏడాదైనా నిలవదండి.”

“నిలవదండి. అందుకే ఏటా వానలు వెలిశాక, ఆ పిల్ల ఎప్పటికైనా వస్తుందని, మా ఆయనే కూర్చుని ఆ అక్షరాల మీద మళ్లీ రంగు దిద్దేవారు.”