ఇద్దరు నాగరత్నాలు

మా అమ్మాయికి అత్తగారి పేరే పెట్టాం, నాగరత్నం. పెద్దావిడ పేరుతో పిల్లను కేకలెయ్యకూడదని అందరం బుజ్జి అనే పిలుస్తాం. వంటింటి యంత్రానికీ అలాగే చెప్పాను: బుజ్జికి ఉత్త పాలు, అత్తయ్యగారి పాలలో గుండె మాత్ర.

ప్రతి సోమవారం అది నేను చెప్పినవన్నీ తన పద్ధతిలో తిరగరాసుకుంటుంది. నేను చదివి సరిదిద్దాలి. ఇవాళ ఇడ్లీపిండి పొంగి గట్టంతా పారితే, ఆ హడావిడిలో చదవలేదు.

"అమ్మాయ్, నా పాలింకా రాలేదేం?" అన్నారు అత్తయ్యగారు గదిలోంచి.

యంత్రం తెర చూశాను. వరసలూ ముద్దుపేర్లూ తీసేసి, రికార్డులో ఉన్న పేరు రాసుకుంది: "నాగరత్నానికి పాలు, గుండె మాత్ర." కలిపింది ఒక్క గ్లాసే.

ఏడేళ్ల బుజ్జి ఆ గ్లాసు ఎత్తుతోంది. గ్లాసును ఒక్క దెబ్బ కొట్టాను. పాలు నేలపాలయ్యాయి.

"నేనింకా తాగనేలేదమ్మా!" అంది బిక్కమొహం వేసి.

"ఏ నాగరత్నానికి కలిపావు?" అని యంత్రాన్ని అడిగాను.

"ఇంట్లో ఉన్న నాగరత్నం ఒక్కరే కదండీ. మధ్యాహ్నం మాత్ర వెయ్యమని బడికి కూడా చెప్పేశాను."

వీధిలో బడి బస్సు హారన్ మోగింది. బుజ్జి చెయ్యి గట్టిగా పట్టుకుని, తలుపు గడియ పెట్టేశాను.