సర్వర్‌కో ప్యాచ్

“ఇంటర్ పిల్లలకి మౌస్ పట్టుకోవడం నేర్పే మీరు, నాకు సర్వర్ గురించి చెప్తున్నారా మేడమ్?” అన్నాడు భార్గవ, కుర్చీలో వెనక్కి వాలి.

జాయిస్ కూర్చోలేదు. కూర్చోమని ఎవరూ అనలేదు. జగ్గయ్యపేట బ్రాంచిలో కంప్యూటర్ లెక్చరర్ ఆవిడ. సెలవు పెట్టి, బస్సెక్కి, నందిగామలోని మెయిన్ ఆఫీసుకి వచ్చింది. ఎదురుగా కరస్పాండెంట్ ఉమాకాంతం. పక్కన ఆయన బావమరిది భార్గవ. ఆయన నడిపే ఆడపిల్లల జూనియర్ కాలేజీలన్నిటికీ వెబ్‌సైటూ, సాఫ్ట్‌వేరూ చూసేది అతనే. ఇద్దరి ముందూ కాఫీ కప్పులున్నాయి. మూడో కప్పు లేదు.

“మీకు ఫోన్లో చెప్పా, మెసేజ్ పెట్టా. పట్టించుకోలేదని ఇక్కడికొచ్చా సార్,” అంది జాయిస్. “మన సైటు ఏ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోందో, అందులో కన్నం ఉందని దాన్ని తయారుచేసినవాళ్ళే ప్రకటించారు. పాస్‌వర్డ్ లేకుండా ఎవడైనా లోపలికి రావచ్చంట. ఆ కన్నం పూడ్చే ప్యాచ్ కూడా వాళ్ళే ఇచ్చారు. వెంటనే వేసుకోమన్నారు.”

“ప్యాచ్ వెయ్యడానికి ఇదేమన్నా పంక్చర్ షాపా?” భార్గవ బావగారి వైపు చూసి నవ్వాడు.

ఉమాకాంతం కూడా నవ్వాడు. ఇప్పటిదాకా జరిగిన మాటల్లో ఆయనకి అర్థమైంది అదొక్కటే.

“నవ్వే సంగతి కాదండి. హాస్టల్ పిల్లల ఫొటోలు, రూము నెంబర్లు, అమ్మానాన్నల ఫోన్ నెంబర్లు అన్నీ అందులోనే ఉన్నాయి. గేట్ పాస్ కూడా అందులోనే ఇస్తున్నాం. ఫోన్లో పాస్ చూపిస్తే వాచ్‌మన్ గేటు తీసేస్తాడు. ఎవడో లోపలికి దూరి, ఒక పిల్ల పేరు మీద పాస్ ఇచ్చుకుంటే?”

“పెనుగంచిప్రోలులో మిరపకాయలు కోసేవాళ్ళ పిల్ల కోసం రష్యావాడు హ్యాకింగ్ చేస్తాడా మేడమ్? యూట్యూబ్ కాస్త తక్కువ చూడండి.”

“రష్యావాడే రానక్కర్లేదు సార్. పక్కూరివాడు చాలు.”

భార్గవ మొహం మాడ్చుకున్నాడు. హైదరాబాదులో రెండు కంపెనీలు తనని వదిలించుకుంటే, తనే వాటిని వదిలేశానని నందిగామలో చెప్పుకు తిరిగే మనిషి. ఎదురు సమాధానాలు అతనికి పడవు.

“ప్యాచ్ వెయ్యాలంటే సైటు ఆపాలి. అడ్మిషన్ల టైములో ఆపమంటారా? ఆ నష్టం మీరు భరిస్తారా?”

“గంట పడుతుంది సార్, అంతే. తెల్లారుజామున వేసినా సరిపోతుంది.”

ఉమాకాంతం కప్పు పక్కన పెట్టాడు. “చూడమ్మా, మన సైట్లో కన్నాలున్నాయని నువ్వు స్టాఫ్ రూములో అంటున్నావంట. ఆ మాట బయటికి పోతే ఏ తల్లి పిల్లని చేర్పిస్తుంది? పాఠాలు చెప్పుకోవడం ఇష్టం లేకపోతే చెప్పు. ఇంకొకళ్ళని చూసుకుంటాం.”

“ముందు ప్యాచ్ వేయించండి సార్. తర్వాత నన్ను తీసేసినా పర్లేదు.”

“ఒక్క నిమిషం బావగారూ.” భార్గవ లాప్‌టాప్ తెరిచి, సర్వర్లోకి వెళ్ళి, స్క్రీను ఆవిడ వైపు తిప్పాడు. “ఏదీ, ఆ కన్నం ఎక్కడుందో మీరే చూపించండి. చూపించలేకపోతే సారీ చెప్పి బయల్దేరండి.”

జాయిస్ వంగి, సాఫ్ట్‌వేర్ వెర్షన్ నెంబరు చదివింది. నమ్మలేక మళ్ళీ చదివింది.

“ప్యాచ్ వేసే ఉంది,” అంది నెమ్మదిగా.

భార్గవ తొంగి చూశాడు. నిజమే, ప్యాచ్ వేస్తే మారే కొత్త నెంబరే. తనైతే వెయ్యలేదు. పక్క గదిలో తన కింద పనిచేసే సింధూర ఎప్పుడో పాస్‌వర్డ్ చూసేసి, చెప్పకుండా వేసుంటుంది. ఆ పిల్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

“మీకు చెప్పి వెయ్యాలా మేడమ్? ఎప్పుడో వేశా,” అన్నాడు.

“విన్నావామ్మా?” ఉమాకాంతం గొంతు పెంచాడు. “మా వాడి మీద చాడీలు చెప్పడానికి ఇంత దూరం వచ్చావు. సారీ చెప్పు.”

జాయిస్ కళ్ళు తుడుచుకుంది. “సారీ సార్. వేశారుగా, నాకదే చాలు. ఈ మధ్య సరిగ్గా నిద్ర కూడా పట్టట్లేదు.”

ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. అందుకే భార్గవకి అది మరీ నచ్చింది.

ఆవిడ వెళ్ళగానే అతను పక్క గదిలోకి నడిచాడు. “నన్నడక్కుండా ప్యాచ్ వెయ్యమని ఎవరు చెప్పారు నీకు?”

సింధూర తెల్లమొహం వేసింది. “నేనెక్కడ వేశా సార్? సర్వర్ పాస్‌వర్డ్ మీ ఒక్కరి దగ్గరే ఉంచుకున్నారుగా. అడిగినా ఇవ్వలేదు.”

భార్గవకి అంతా అర్థమైనట్టనిపించింది. ఆ జాయిస్సే. ఎలాగో పాస్‌వర్డ్ సంపాదించి, తనే వేసేసి, బావగారి ముందు తనని వెధవని చెయ్యడానికి వచ్చింది. గబగబా మెట్లు దిగాడు. ఆవిడ గేటు బయట ఆటో కోసం చూస్తోంది.

“నాటకాలాడుతున్నారా మేడమ్? దొంగతనంగా ప్యాచ్ వేసింది మీరేగా? పోలీసు కేసు పెట్టిస్తా.”

“నేనా?” జాయిస్ అతని మొహంలోకి చూసింది. “ఇందాక మీరే వేశానన్నారు.”

భార్గవ వెనక్కి తిరిగి, ఎవరైనా వింటున్నారేమోనని చూశాడు.

“మీరు వెయ్యలేదా సార్?”

“లేదు. సింధూర కూడా వెయ్యలేదు.”

ఆటో వచ్చి ఆగినా జాయిస్ చూడలేదు. ఫోను తీసి హాస్టల్ వార్డెన్ పున్నమ్మకి చేసింది. “అక్కా, నేను జాయిస్‌ని. గేటుకి తాళం వేయించు. ఎవరు ఏ పాస్ చూపించినా ఒక్క పిల్లని కూడా బయటికి పంపొద్దు. అందరూ ఉన్నారో లేదో ముందు చూడు.”

“ఎందుకంత కంగారు?” భార్గవ గొంతులో వెటకారం ఇంకా మిగిలే ఉంది. “ప్యాచ్ పడిందిగా. ఎవరు వేస్తే ఏంటి?”

“లోపలికి దూరినవాడే వేశాడు సార్. తన వెనక ఇంకొకడు రాకుండా తలుపేసుకుని, లోపలే కూర్చున్నాడు.”