అత్తగారి పేరు మీద సెలవు

చనిపోయిన అత్తగారు వేయించి ఇచ్చిన వేరుశనగపప్పులు నములుతూ లుటాయా రైలు కిటికీ పక్కన కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

ఆవిడ చనిపోయింది కంపాలాలో లుటాయా పనిచేసే ఆఫీసులో మాత్రమే. ఇంటి దగ్గర నిక్షేపంగా ఉంది. మనవల్ని చూసుకుంటోంది. దారిలో తినమని కూతురికి కోడి కూడా వండి ఇచ్చింది.

లుటాయా మాత్రం ఏం చేస్తాడు? రైలెక్కి సముద్రం చూడాలని భార్య నస్సాలి పెళ్ళినాటి నుంచీ అడుగుతోంది. ఉగాండాలో సముద్రం లేదు, చెప్పుకోదగ్గ రైలూ లేదు. రెండూ పక్కనున్న కెన్యాలో ఉన్నాయి, రైలు దారిలో ఏనుగులు కూడా. కానీ బాస్ కగ్వా సెలవివ్వడు. పెళ్ళాం సరదా, పిల్లల జ్వరం, సొంత నడుంనొప్పి, ఇవేవీ అతని దగ్గర కారణాలు కావు. శవం ఒక్కటే కారణం. శవం ఉందంటే మాత్రం కంపాలాలో ఏ బాసూ కాదనడు. కాదన్నవాడి పాడె మోయడానికి రేపు ఎవరూ రారు.

లుటాయా తరఫు పెదనాన్నలూ మేనమామలూ పాత సెలవుల కింద ఎప్పుడో ఖర్చయిపోయారు. కన్నతల్లిని చంపడానికి మనసొప్పలేదు. ఇక మిగిలింది అత్తగారు. ఎవరింట ఎవరు పోయినా ఆఫీసు తరఫున మనుషులు బయల్దేరి వెళ్ళడం అక్కడి మర్యాద. అందుకని ఆవిణ్ణి ఊళ్ళో కాకుండా విక్టోరియా సరస్సు నడుమ ఓ మారుమూల దీవిలో పాతిపెట్టాడు. మర్యాద అన్నేసి నీళ్ళు దాటి రాదని అతని ధీమా.

"మా అమ్మను చంపి నాకు ఏనుగుల్ని చూపిస్తున్నారు," అంది నస్సాలి. "మీ అమ్మనైతే చంపేవారా?"

"అల్లుణ్ణి. మన ఆచారంలో అత్తగారి ఎదుట పడకూడదు, మొహం చూడకూడదు. పెళ్ళయ్యాక ఒక్కసారైనా సరిగ్గా చూశానా? నా వరకు ఆవిడ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే."

"అలాగా. అయితే ఆ కోడికాలు ఇలా ఇవ్వండి."

లుటాయా నవ్వబోయాడు. అప్పుడే ముందు వరసల్లో ఓ భారీ మనిషి లేచి పైనున్న సంచీ సర్దుకున్నాడు. ఆ గుండు, మెడ మీద ఆ మడతలు ఆఫీసులో రోజూ చూసేవే. పక్కన పసుపు గౌనులో వాళ్ళావిడ కాబోలు.

లుటాయాకు పైప్రాణాలు పైనే పోయాయి.

పోయిన నెలలోనే ఒకడి నాయనమ్మ, చచ్చి సమాధి అయినావిడ, నడుచుకుంటూ ఆఫీసుకు వచ్చి మనవడేడీ అని అడిగింది. కగ్వా ఆ మనవణ్ణి అక్కడికక్కడే పీకేశాడు. పైగా అందర్నీ నిలబెట్టి, శవం మీద అబద్ధమాడేవాడు మనిషే కాదని పెద్ద ఉపన్యాసమిచ్చాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది లుటాయానే.

నస్సాలి మెడలోని స్కార్ఫు లాక్కుని తలమీద కప్పుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఏనుగులొచ్చాయి. పెట్టెలో జనమంతా కిటికీలకు అతుక్కుపోయారు. ఎర్రమట్టి పూసుకున్న ఏనుగులు, తల్లి కాళ్ళ సందున నక్కిన గున్న ఏనుగు, అన్నీ నస్సాలి చూసి చెప్పింది. లుటాయా తేలు కుట్టిన దొంగలా స్కార్ఫు కిందే ఊఁ కొట్టాడు. జీబ్రాలు వచ్చాయి, పోయాయి. వాటినీ అలాగే విన్నాడు.

ఎంతసేపని బిగబట్టుకుంటాడు? చివరికి మరుగుదొడ్డికి లేవక తప్పలేదు. తలుపు ముందు నిలబడేసరికి అది తెరుచుకుంది. ఎదురుగా కగ్వా.

కగ్వా అతణ్ణి ఎగాదిగా చూశాడు. తిట్టలేదు, పలకరించలేదు. ఒక్క క్షణం నిలబడి, పక్కనుంచి దాటుకుంటూ వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేదనుకున్నాడు లుటాయా. ఉద్యోగం పోయిందని అతనికి అర్థమైపోయింది. పిల్లల ఫీజులు, సగం కట్టిన ఇల్లు, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. వచ్చినపని కూడా మరిచిపోయి సీటుకొచ్చి పడ్డాడు.

"దిగగానే మోకాళ్ళ మీద పడండి," అంది నస్సాలి. "నా పట్టు వల్లే అని చెప్పండి. నేనూ పడతాను."

మొంబాసాలో దిగి ఇద్దరూ మోకాళ్ళకు సిద్ధమై పరిగెత్తారు. ఆసరికే కగ్వా, పసుపు గౌను ఆవిడ టాక్సీలో వెళ్ళిపోయారు. మోకాళ్ళ మీద పడనివ్వనంత కోపం అనుకున్నాడు లుటాయా.

సాయంత్రం సముద్రం ఎదురుగా ఉంది. పదేళ్ళ కోరిక. నస్సాలి చీలమండల దాకా నీళ్ళలో దిగి చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. ఒడ్డున లుటాయా సముద్రానికి వీపు పెట్టి కూర్చుని, ఎక్కడెక్కడ పని అడగాలా అని లెక్కవేసుకుంటున్నాడు. ఆమె తడికాళ్ళతో వచ్చి పక్కన కూలబడింది.

"పోతే పోనివ్వండి. నాకైతే చూపించారు కదా. ఇంకో బాస్ దొరక్కపోడు."

ఆ మాటకు లుటాయా కళ్ళు నిజంగానే చెమ్మగిల్లాయి. అంతలో ఫోను మోగింది. ఆఫీసులో పక్క సీటు ఒపొలోట్. తీసేశారన్న కబురు ముందుగా వీడి నోటే వినాలి కాబోలని గుండె చిక్కబట్టుకుని చెవిన పెట్టుకున్నాడు.

"అన్నా, ధైర్యం తెచ్చుకో," అన్నాడు ఒపొలోట్ బొంగురు గొంతుతో. "మీ అత్తగారి సమాధి మీద మొదటి పిడికెడు మన్ను తనే వేశాడట, నీ ఏడుపు చూడలేకపోతున్నాడట, నీ సెలవు అయ్యేదాకా ఆ దీవిలోనే ఉండి నిన్ను ఓదార్చి మరీ వస్తానని బాస్ ఇందాకే ఆఫీసుకీ, ఇంట్లో వాళ్ళావిడకీ ఫోన్ చేసి చెప్పాడు."