నాలుగు మంచి మాటలు

భావనారాయణ బాబాయి కొత్త కారు టైర్ల కింద నిమ్మకాయలు పెడుతుండగా నా ఫోన్‌కి వార్త వచ్చింది. ఆ కారు కంపెనీ ఇండియాలో దుకాణం మూసేస్తోందట.

మెకానికల్ చదివి ఖాళీగా ఉన్న నేను ప్రపంచంలోని కార్ల కంపెనీలన్నిటికీ మా ఊరి టీకొట్టు నుంచే సలహాలిస్తుంటాను. హెడ్‌లైట్లు ఇంత సన్నగా గీస్తే అమ్మకాలూ సన్నగిల్లుతాయని వీళ్లనూ హెచ్చరించాను. వినలేదు.

ఈ ఏటి మిరపకాయలన్నీ అమ్మితే వచ్చిన కారు ఇది. రేపటి నుంచి ఒంగోలుకు టాక్సీ తిప్పాలని బాబాయి ఆశ. చెడిపోతే సామాన్లు ఎక్కడ దొరుకుతాయి?

"ఏరా, నోరు పడిపోయిందా? బండి గురించి నాలుగు మంచి మాటలు చెప్పు. గట్టిగా చెప్పు!" అన్నాడు బాబాయి.

హారతి పళ్లెం పట్టుకుని పేరమ్మ పిన్ని నా మొహంలోకే చూస్తోంది.

"అరుదైన బండి పిన్నీ," అన్నాను గంభీరంగా. "ఇకముందు కొందామన్నా ఎవరికీ దొరకదు."

పిన్ని మురిసిపోయి కారుకు ఇంకోసారి హారతిచ్చింది. కార్ల మీద నా అభిప్రాయాన్ని ఒకరు నమ్మడం అదే మొదలు.

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బాబాయి బండి కదిలించాడు. నిమ్మకాయలు చితికాయి.

"కంపెనీ సంగతి తాళాలు చేతికిచ్చాక చెప్పాడ్రా షోరూమ్ వాడు," అన్నాడు మెల్లగా, అద్దంలో పిన్నిని చూస్తూ. "బాగా చెప్పావు."