ఎడం చేతి మర్యాద

హర్ష ఎడం చెయ్యి చాచాడు.

గోవిందప్ప అప్పటికే వాడి చొక్కాకు బ్యాడ్జీ పెట్టి, వాడి సెల్యూట్ అందుకుని, కుడి చెయ్యి ముందుకు పెట్టి ఉన్నాడు. ఆ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన మాటకు ఎదురు చెప్పిన మొనగాడు లేడు. అలాంటి మనిషికి, స్కూలు గ్రౌండులో, ఊరంతా చూస్తుండగా, ఏడో తరగతి పిల్లవాడు ఎడం చెయ్యి ఇవ్వడమంటే మామూలు సంగతా?

స్కౌటు పిల్లల లీడరు హరినాథ్ వరస చివర నిలబడి చూస్తున్నాడు. ఆ పిల్లవాడు అతని కొడుకే. స్కౌట్లు ఎడం చేత్తోనే చెయ్యి కలపాలని నేర్పిందీ అతనే.

హరినాథ్ పంతులేమీ కాదు. వానల్లేక శెనక్కాయ చేను ఎండిపోయి ఊరికే ఉన్నాడు కదా అని, తండ్రుల్లో ఎవరో ఒకరు ముందుకు రావాలి కదా అని, హెడ్మాస్టరు పట్టుబట్టి అతని మెడలో స్కార్ఫు వేశాడు. ఆ హెడ్మాస్టరే ఈ పొద్దున పిల్లలందరినీ నిలబెట్టి, గోవిందప్పకు మాత్రం కుడి చెయ్యే ఇవ్వాలని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. స్కూల్లో చేతిపంపు ఎండిపోయింది. పిల్లలు ఇంటి నుంచి సీసాల్లో నీళ్ళు తెచ్చుకుంటున్నారు. సీసా ఖాళీ అయితే ఇక సాయంత్రం దాకా నోరు ఎండాల్సిందే. సొంత డబ్బుతో బోరు వేయిస్తానని అందరి ముందూ చెప్పడానికే గోవిందప్ప ఇవాళ వచ్చాడు.

“ఎవుర్రా నీకు నేర్పించింది? మాయన్నకు ఎడం చెయ్యి ఇస్తావా?” అంటూ గోవిందప్ప మనిషి ఆదెన్న ముందుకొచ్చాడు.

సుమో కార్ల దగ్గర నిలబడ్డ మిగతా మనుషులు కూడా కదిలారు. వరసలో ఉన్న పిల్లలు చెల్లాచెదురై తల్లుల దగ్గరికి పరుగెత్తారు. హర్ష మాత్రం కాలు కూడా కదపలేదు. నిటారుగా, గోవిందప్ప మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. గోవిందప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు. హెడ్మాస్టరు కుర్చీలో కూలబడ్డాడు. బోరు పోయినట్టే.

హరినాథ్ పరుగున పోయి అడ్డం నిలబడ్డాడు.

“అన్నా, ఒక్క మాట విని పో. తప్పయితే నన్ను కొట్టు, పిల్లోన్ని ఏమీ అనద్దు.”

గోవిందప్ప ఆగాడు.

“పాతకాలంలో యుద్ధానికి పొయ్యేటోళ్ళకు కుడిచేతిలో కత్తి, ఎడంచేతిలో డాలు ఉంటాండె. ఎడం చెయ్యి ఇయ్యాలంటే ఆ డాలు కింద పెట్టాల. నీ ముందర నాకు డాలు అక్కర్లే, నిన్ను నమ్మినా అని దానర్థం. స్కౌట్లు యాడైనా ఇట్లే ఇస్తారు. మర్యాద లేక కాదన్నా.”

గోవిందప్ప ముందుకొచ్చిన తన మనుషుల వంక చూశాడు. వాళ్ళు వెంట లేకుండా ఆయన పెళ్ళికి పోడు, చావుకు పోడు, ఆఖరికి సొంత చేను గట్టు మీదికి కూడా పోడు.

“ఏమప్పా ఆదెన్నా,” అన్నాడు చివరికి, “మీరు ఇంతమంది ఉండీ నాకు కంటి నిండా నిద్ర లేదు. ఈ పిల్లోడు నన్ను నమ్మి డాలు కింద పెట్టినాడంట, చూడు.”

వెనక్కి వచ్చి, తన ఎడం చేత్తో హర్ష ఎడం చేతిని గట్టిగా పట్టుకున్నాడు. ఆదెన్న చేత కూడా ఎడం చెయ్యే ఇప్పించాడు. హర్షను స్టేజీ మీదికొచ్చి తన పక్కన కూర్చోమన్నాడు. హర్ష కదల్లేదు. లీడరు చెప్పందే కదలడని హరినాథ్ సర్ది చెప్పేసరికి గోవిందప్ప ఇంకా మురిసిపోయాడు. మైకు అందుకుని, రేపు పొద్దున్నే బోరు వేసే రిగ్గు వస్తుందని చెప్పాడు. ఒకచోట నీళ్ళు పడకపోతే ఇంకోచోట, అక్కడా పడకపోతే మరోచోట, పడేదాకా వేయిస్తానన్నాడు. పారిపోయిన పిల్లలంతా తిరిగొచ్చి చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టరు లేచి వచ్చి హరినాథ్‌కు తన ఎడం చెయ్యి ఇచ్చాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

సుమోలు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయాయి. అమ్మయ్య అనుకున్నాడు హరినాథ్. జనం ఇళ్ళకు పోతున్నారు. గ్రౌండు మధ్యలో హర్ష ఒక్కడే ఇంకా అలాగే నిటారుగా నిలబడి ఉన్నాడు. వాణ్ణి చూస్తుంటే హరినాథ్‌కు సంతోషం ఆగడం లేదు.

“విశ్రామ్,” అన్నాడు నవ్వుతూ.

అయినా వాడు కదల్లేదు. హరినాథ్ దగ్గరికి పోయి భుజం తట్టాడు.

“సారు కుడి చెయ్యి ఇయ్యమన్నా నువ్వు నా మాటే నిలబెట్టినావు. అంతమంది మీదికొస్తాంటే బెదరకుండా ఎట్ల నిలబడినావురా?”

హర్ష అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“నాయనా, యాడైనా ఒక పిన్నీసు దొరుకుతాదా?”

“పిన్నీసు ఎందుకురా?”

“నేనూ కుడి చెయ్యే ఇద్దామనుకుంటి. సెల్యూట్ కొడతానే నిక్కరు గుండీ తెగిపాయ. మూడేండ్లు రావాలని వదులుగా కుట్టిస్తివి, బెల్టు వచ్చే ఏడు కొందామంటివి. అప్పట్నుంచీ కుడి చేత్తో ఎనక పట్టుకోనే ఉండా నాయనా.”